ఆ అధ్యాయం చదివేదెవరు?

2022 నవంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలను శ్రద్ధగా చదివితే, పరిశోధనకు సంబంధించిన దాదాపు ప్రతి విషయానికీ అందులో ఒక లెక్క కనిపిస్తుంది. ప్రొఫెసరు దగ్గర ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు దగ్గర 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు దగ్గర 4 మందికి మించి స్కాలర్లు (పరిశోధక విద్యార్థులు) ఉండకూడదు. కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. పరిశోధనకు కనిష్ఠ గడువు 3 ఏళ్ళు, గరిష్ఠ గడువు 6 ఏళ్ళు, రీ-రిజిస్ట్రేషను చేయించుకుంటే మరో 2 ఏళ్ళు. స్త్రీలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో 2 ఏళ్ళు అదనం. ప్రసూతి సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. సిద్ధాంత గ్రంథాన్ని గైడు (పరిశోధన పర్యవేక్షకుడు) కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూడాలి, సమర్పించిన 6 నెలల్లోగా ఆ ప్రక్రియ అంతా ముగించాలి. ఇన్ని లెక్కల మధ్య ఒక లెక్క మాత్రం ఎక్కడా లేదు. విద్యార్థి రాసి ఇచ్చిన అధ్యాయాన్ని గైడు ఎన్నాళ్ళలో చదివి తిరిగి ఇవ్వాలో ఆ నిబంధనలు చెప్పవు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధిస్తూ, పరిశోధనలకు గైడుగా ఉంటున్నాను. గైడుకూ స్కాలరుకూ మధ్య ఉండే సంబంధం గురించి మన క్యాంపస్‌లలో వినిపించే మాటలు ఎక్కువగా మనుషుల స్వభావాల చుట్టూ తిరుగుతాయి. ఫలానా సారు మంచివారు, ఫలానా మేడం కోపిష్ఠి, ఫలానా ఆయన దగ్గర చేరితే ఎనిమిదేళ్ళయినా బయటపడలేం అని సీనియర్లు కొత్తవాళ్ళకు హాస్టల్లోనే చెప్పేస్తారు. స్వభావాల సంగతి నేను కొట్టిపారేయను. అయితే ఈ సంబంధం నిలబడేది ఒక పని మీద, ఆ పని చదవడం. విద్యార్థి రాస్తుంది, గైడు చదువుతారు, చదివినదాని మీద ఇద్దరూ వాదించుకుంటారు, విద్యార్థి మళ్ళీ రాస్తుంది. ఇది జరుగుతున్నంతకాలం గైడు కోపిష్ఠి అయినా పరిశోధన ముందుకు సాగుతుంది. ఇది ఆగిపోయిన చోట గైడు ఎంత మంచివారైనా ఆ సంబంధంలోకి వేరే విషయాలు వచ్చి చేరతాయి: సంతకాల కోసం పడిగాపులు, ఇంటి పనులు, భయం, మొహమాటం. మన విశ్వవిద్యాలయాల్లో గైడుల మీద వినవచ్చే ఫిర్యాదుల్లో అధిక భాగం, కాస్త లోతుకు వెళ్ళి చూస్తే, ఎవరూ చదవకుండా ఉండిపోయిన కాగితాల దగ్గరే మొదలవుతాయని నా నమ్మకం.

చదవడం అంటే నా ఉద్దేశం ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. గోదావరి డెల్టాలో కాలువల సాగు మీద పనిచేసిన ఒక విద్యార్థిని తన రెండో అధ్యాయంలో ఇలా రాసింది: 1833 నాటి కరువు వల్ల కలిగిన నష్టాన్ని చూసి కుంపినీ ప్రభుత్వం ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించింది. వాక్యం చక్కగా ఉంది, పాఠ్యపుస్తకాల్లోనూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది, కాపీని పట్టే సాఫ్ట్‌వేరుకు గానీ తొందరలో ఉన్న పరీక్షకుడికి గానీ ఇందులో తప్పేమీ కనిపించదు. కానీ ఆనకట్ట పని మొదలైంది 1847లో. డొక్కల కరువు అని జనం చెప్పుకున్న ఆ కరువుకూ, ఆనకట్టకు పడిన తొలి రాయికీ మధ్య పద్నాలుగేళ్ళు ఉన్నాయి. పైగా ఆ కరువు కోరలు ప్రధానంగా దిగింది గుంటూరు సీమలో. పక్క మార్జిన్‌లో నేను రాసిన ప్రశ్న ఇంతే: "ఈ పద్నాలుగేళ్ళలో ఏం జరిగింది? గుంటూరులో చచ్చినవాళ్ళ కోసం రాజమండ్రి జిల్లాలో ఎందుకు కట్టారు?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆ అమ్మాయి చెన్నైలోని ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు వెళ్ళి పాత జిల్లా రికార్డులు తిరగేసింది. ఇంజరం వంటి చోట్ల కుంపినీ ఫ్యాక్టరీలు మూతపడి చేనేత ఎగుమతులు దెబ్బతినడం, 1839లో కోరంగిని ముంచెత్తిన తుపాను, ఏటికేడు తగ్గుతూ వచ్చిన శిస్తు రాబడి, జిల్లా దుస్థితి మీద 1844లో మాంట్‌గొమరీ సమర్పించిన నివేదిక, ఆ తరువాతే కాటన్ ప్రతిపాదనలకు వచ్చిన కదలిక, ఇవన్నీ ఒక్కొక్కటిగా ఆమె అధ్యాయంలోకి వచ్చాయి. కరువు నుంచి నేరుగా ఆనకట్టకు దూకిన ఆ ఒక్క వాక్యం స్థానంలో చివరికి ఇరవై పేజీల వాదన నిలిచింది. ప్రజల ప్రాణాలకన్నా పడిపోతున్న శిస్తే ప్రభుత్వాన్ని కదిలించిందన్న నిర్ధారణకు ఆమె తనంతట తానే వచ్చింది. దానితో నేను పూర్తిగా ఏకీభవించలేదు, ఆ మాట కూడా మార్జిన్‌లో రాశాను, ఆమె తన వాదనను అలాగే ఉంచింది. అది ఆమె గ్రంథం కనుక అలా ఉంచడమే సరైనది.

అదే వాక్యం ఎవరూ చదవకుండా దాటిపోతే ఏమవుతుందో మన దగ్గర అందరికీ తెలుసు. "మేడం, రెండో చాప్టరు చూశారా?" "లేదమ్మా, ఈ వారం చూస్తాను." నెల తరువాత అదే ప్రశ్న, అదే జవాబు. ఆ తరువాత విద్యార్థి అడగడం మానేస్తుంది, ఎందుకంటే పదేపదే అడిగితే గైడుకు కోపం వస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఆరో ఏడు దగ్గరపడ్డాక అధ్యాయాలన్నీ కట్టగట్టి ఒకేసారి ఇవ్వమంటారు, పేజీలు తిప్పి, విషయసూచికలో రెండు మార్పులు చెప్పి, ధ్రువపత్రం మీద సంతకం చేస్తారు. ప్రతి సిద్ధాంత గ్రంథం మొదటి పేజీల్లో ఉండే ఆ ధ్రువపత్రం, ఈ పరిశోధన తన పర్యవేక్షణలో జరిగిన మౌలిక కృషి అని గైడు ఇచ్చే వాఙ్మూలం. సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలోకి గ్రంథం ఎక్కాక ఆ సంతకం దేశంలో ఎవరైనా చూడగల చోట, ఎప్పటికీ ఉండిపోతుంది. అయినా దాన్ని ఒక ఆఫీసు కాగితంగా చూసేవారే ఎక్కువ.

చదవడం లేని చోట సంతకానికి విలువ విపరీతంగా పెరుగుతుంది. స్కాలరు జీవితంలో గైడు సంతకం లేకుండా కదిలే కాగితం ఒక్కటీ లేదు. సినాప్సిస్ (పరిశోధన సంగ్రహం) ఆమోదానికి సంతకం, ఆర్కైవ్స్‌కు వెళ్ళడానికి పరిచయ లేఖ, హాస్టలు పొడిగింపు, ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు, గ్రంథ సమర్పణకు ముందు ఇచ్చే ప్రసంగం (ప్రీ-టాక్) తేదీ, అన్నిటికీ మించి ఫెలోషిప్పు. 2023 జనవరి నుంచి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో నెగ్గినవారికి ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్పు) నెలకు 37,000, దాని తరువాతి దశ ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్పు) 42,000 రూపాయలు. పల్లెల నుంచి వచ్చిన చాలామంది స్కాలర్లకు ఆ డబ్బు తమ ఒక్కరి ఖర్చుకే సరిపోదు, ఇంటికి పంపాలి, తమ్ముడి ఫీజు కట్టాలి, అప్పు తీర్చాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ డబ్బు పడాలంటే స్కాలరు హాజరైనట్టు నెలనెలా గైడు ధ్రువీకరణ వెళ్ళాలి. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరినవారికి ఇచ్చేది నెలకు 8,000; రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ మాత్రమూ లేదు, వాళ్ళు జూనియర్ కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొస్తారు. విద్యార్థి రాసినదాని మంచిచెడ్డలు తేల్చే వ్యక్తే ఆమె ఇంటి అద్దెను కూడా తన చేతిలో పెట్టుకుని ఉంటే, వాళ్ళిద్దరి మధ్య ఏ అభిప్రాయభేదమూ స్వేచ్ఛగా సాగదు. ఆనకట్ట గురించి నాతో వాదించిన ఆ విద్యార్థిని, తన నెల జీతం నా సంతకం మీద వేలాడుతున్న స్థితిలో ఉంటే అలా వాదించేదా అని నాకు అనుమానమే. హాజరు ధ్రువీకరించే పని శాఖాధిపతి కార్యాలయానికి అప్పగించడానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు.

ఇక ఇంటి పనుల సంగతి. గైడు గారి పిల్లవాడి అడ్మిషను ఫారాలు నింపడం, బ్యాంకుకు వెళ్ళిరావడం, ఆయన దిద్దవలసిన జవాబు పత్రాలు దిద్దిపెట్టడం, ఆయన పేరుతో వచ్చే వ్యాసాన్ని తాను రాసిపెట్టడం, ఇంట్లో పెళ్ళి అయితే మూడు రోజుల ముందు నుంచీ అక్కడే ఉండడం. ఇవి అన్ని చోట్లా జరుగుతాయని నేను అనను, కానీ ఎక్కడా జరగవని అనగల మనిషి మన క్యాంపస్‌లలో దొరకరు. వీటిని సమర్థించేవారు గురుశిష్య సంప్రదాయం మాట ఎత్తుతారు. శిష్యుడు గురువు ఇంట్లో ఉండి సేవ చేస్తూ చదువుకోవడం మన సంస్కృతి కదా, ఇందులో తప్పేముంది అంటారు. ఆ వాదనను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే గురువు మీద నిజమైన ఆప్యాయత ఎంత గొప్పదో నాకు తెలుసు. నా గైడు నా ప్రతి పేజీ మీదా పెన్సిలుతో రాసిన వ్యాఖ్యలను నేను ఇప్పటికీ దాచుకున్నాను. కానీ పాతకాలపు గురువు, ఆయనలో ఎన్ని లోపాలున్నా, రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు, శిష్యుడు అప్పజెప్పింది వినేవాడు. సేవ తీసుకుని పాఠం ఎగ్గొట్టడానికి ఏ సంప్రదాయమూ అనుమతి ఇవ్వలేదు. పైగా ఆ సేవలు ఎవరి చేత చేయించుకుంటారు, ఎవరి చేత చేయించుకోరు అని గమనిస్తే కులం, ఆడామగా తేడా, ఊరు, ఇంగ్లీషు మాట్లాడగలగడం, అన్నీ బయటపడతాయి. పలుకుబడి గల కుటుంబం నుంచి వచ్చిన స్కాలరును ఎవరూ గ్యాస్ బండ తెమ్మని పంపరు.

కులం మాట వచ్చింది కనుక దాన్ని పక్కకు నెట్టి ముందుకు పోవడం న్యాయం కాదు. గైడు సరిగ్గా చదవకపోవడం ఒక బాధ అయితే, అసలు గైడే దొరకకపోవడం అంతకన్నా పెద్ద బాధ. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ ఆత్మహత్య చేసుకున్నప్పుడు అతనికి అప్పటికి గైడు లేరు. ఆ తరువాత ఆచార్య వినోద్ పావరాల అధ్యక్షతన వేసిన సంఘం, గైడుల కేటాయింపులో ఉన్న అస్పష్టతనూ, తమ విషయంలో వివక్ష జరుగుతోందన్న దళిత, ఆదివాసీ విద్యార్థుల భావననూ నమోదు చేసింది. 2013లో అదే క్యాంపస్‌లో మాదారి వెంకటేశ్ చనిపోయినప్పుడూ గైడు కేటాయింపులో జరిగిన జాప్యం గురించే విద్యార్థి సంఘాలు నిలదీశాయి. ఐఐటీ మద్రాసులో 2023లో ఒక పరిశోధక విద్యార్థి ఆత్మహత్య తరువాత విశ్రాంత పోలీసు అధికారిణి తిలకవతి నాయకత్వంలో విచారణ జరిగి, అతని గైడును సస్పెండ్ చేశారు. ఒక మరణానికి కారణాలు ఎన్నో ఉంటాయి, వాటిని ఒక్క మాటలో తేల్చే హక్కు నాకు లేదు. కానీ ప్రతిసారీ విచారణ సంఘం వచ్చి అడిగిన ప్రశ్నలు, అంటే ఎవరికి ఎప్పుడు గైడును ఇచ్చారు, ఎన్నిసార్లు కలిశారు, ఏం చెప్పారు అన్న ప్రశ్నలు, ఆ విద్యార్థులు బతికుండగా అడిగి రాసిపెట్టుకోవలసినవి.

విజ్ఞానశాస్త్రాల్లో ఈ సంబంధానికి మరో ముఖం ఉంది, అది ఘనత ఎవరిదన్న తగాదా. తెలుగువాళ్ళకు దీని గురించి జీవరసాయన శాస్త్రవేత్త యెల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు. హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ ఆయన భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ప్రయోగశాలల్లో నేటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. కండరాలకు, కణాలకు శక్తినిచ్చే పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్ (1927), ఏటీపీ (1929), ఈ రెండింటి మీది పరిశోధనల మీదా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. ఇంతవరకు చూస్తే ఇది ఆదర్శప్రాయమైన సంబంధంలాగే ఉంటుంది. కానీ అదే ప్రయోగశాలలో చదువుకుని తరువాత నోబెల్ బహుమతి అందుకున్న జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ అసూయతో వెలుగు చూడనివ్వలేదనీ, వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందనీ చెప్పాడు. 1940లో సుబ్బారావు హార్వర్డు వదిలి లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళిపోయాడు. పేరు పక్కన పేరు వేసి గౌరవించిన మనిషే సొరుగులో కాగితాలు బిగించి పెట్టాడన్నమాట. గైడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఎంత పనికిరానిదో ఇక్కడ తెలుస్తుంది. ఫలితం వచ్చిన ఇన్ని నెలల్లోగా దాన్ని ప్రచురణకు పంపాలి, పంపకపోతే విద్యార్థి తానే పంపుకోవచ్చు అన్న నియమం ఒకటి ఉండి ఉంటే, ఫిస్క్ మనసులో ఏముందన్నది వైద్యశాస్త్రానికి అంత ముఖ్యమయ్యేది కాదు.

గైడుల తరఫున చెప్పవలసింది కూడా చాలా ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి నియామకాలు లేవు. ఖాళీలను కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతో నడుపుతున్నారు. నిబంధనల ప్రకారం శాశ్వత అధ్యాపకులే గైడుగా ఉండగలరు కనుక, పాఠాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్న శాఖలో కూడా పరిశోధనల భారం ఇద్దరు ముగ్గురి మీదే పడుతుంది. విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ తనిఖీ వచ్చిందంటే నెలల పాటు ఫైళ్ళు తయారు చేయడమే పని. పరీక్షల డ్యూటీ, స్పాట్ వాల్యుయేషను, హాస్టలు వార్డెను బాధ్యత, కమిటీలు. ఇవన్నీ నిజమే, ఇవన్నీ నేనూ చేస్తున్నాను.

అయినా లెక్క వేసి చూద్దాం. ప్రొఫెసరుకు గరిష్ఠంగా అనుమతించిన 8 మంది స్కాలర్లూ ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరూ ఏడాదికి రెండు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం 50 పేజీల చొప్పున ఇచ్చారనుకుందాం. నిజానికి అంత వేగంగా రాసే విద్యార్థులు అరుదు. మొత్తం ఏడాదికి 800 పేజీలు. సెలవులు తీసేసి 50 వారాలు అనుకుంటే వారానికి 16 పేజీలు. జాగ్రత్తగా, పెన్సిలు పట్టుకుని, ఆధారాలు సరిచూస్తూ చదివినా వారానికి ఒక మధ్యాహ్నం చాలు. ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు వారంలో ఒక మధ్యాహ్నం తన విద్యార్థుల రాతకు కేటాయించలేనంత తీరికలేనివాడైతే, ఆయన దగ్గరకు కొత్తగా ఎవరినీ చేర్చకూడదు. సమయం లేదన్న మాట వెనుక నాకు కనిపించే అసలు కారణం వేరు. చదివితే లెక్కలోకి ఎవరూ తీసుకోరు. పదోన్నతి దరఖాస్తులో ఎంతమందికి పీహెచ్‌డీ ఇప్పించారన్న గడి ఉంటుంది, ఎన్ని పేజీలు దిద్దారన్న గడి ఉండదు.

ఇటీవల చదవడానికి బదులుగా మరొకటి వచ్చింది. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక (సాఫ్ట్‌వేరు లెక్కగట్టేది) 10 శాతం లోపు ఉంటే ఏ శిక్షా లేదు; 40 శాతం వరకు ఉంటే సరిచేసి ఇవ్వాలి, 60 వరకు ఉంటే ఏడాది నిషేధం, అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కాపీని అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే, ఆ అవసరం చాలా ఉంది. కానీ ఫలితం ఏమిటంటే, గైడు విద్యార్థిని అడిగే ప్రశ్న "నీ వాదన ఏమిటి?" నుంచి "పర్సెంటేజీ ఎంత వచ్చింది?"కు మారిపోయింది. 9 శాతం వస్తే పని అయిపోయినట్టే. ఎవరి వాక్యాన్నైనా నాలుగు మాటలు మార్చి రాస్తే సాఫ్ట్‌వేరు పట్టుకోలేదు, ఆ రంగంలో చదువుకున్న మనిషి మొదటి పేరాలోనే పట్టుకుంటాడు. తెలుగు శాఖల్లో పరిస్థితి మరీ విడ్డూరం. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పేజ్‌మేకరులో టైపు చేయించిన గ్రంథాన్ని ఆ సాఫ్ట్‌వేరు తెలుగుగా గుర్తించనే లేదు, కనుక అక్కడ వచ్చే సున్నా శాతానికి ఏ అర్థమూ లేదు. ఆనకట్ట గురించిన ఆ వాక్యం ఎన్ని సాఫ్ట్‌వేర్లకు ఎక్కించినా శుభ్రంగా బయటకు వచ్చేదే.

విద్యార్థుల బాధ్యత గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. చదివే గైడుకు కూడా చదవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ హాస్టలు గది కోసం రిజిస్ట్రేషన్ పెట్టుకుని, ఐదేళ్ళు ముఖం చాటేసి, ఆఖరి ఆరు నెలల్లో హడావుడి పడే స్కాలర్లు నాకూ తెలుసు. వాళ్ళనూ తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు, ఉద్యోగాలు లేని చోట ఎవరైనా రెండు పడవల మీద కాళ్ళు పెడతారు. కానీ రాయని విద్యార్థికీ చదవని గైడుకూ మధ్య ఒక మాటలేని ఒప్పందం కుదురుతుంది, అది ఇద్దరికీ హాయిగా ఉంటుంది, శోధ్‌గంగలో ఇంకో పనికిమాలిన గ్రంథం చేరుతుంది. ఆ ఒప్పందాన్ని భగ్నం చేయవలసింది ముందుగా గైడే, ఎందుకంటే జీతం తీసుకుంటున్నది ఆయన.

గైడు ఒక్కరే సమస్తమూ కావాలన్న ఆశ కూడా ఈ సంబంధాన్ని బరువెక్కిస్తుంది. ఇక్కడ నాకు ఎప్పుడూ ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ గుర్తుకొస్తారు. 2007లో ఏబెల్ బహుమతి పొందిన ఈ గణితవేత్త కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధనకు చేరినప్పుడు గైడు సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, కేంబ్రిడ్జిలో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేసిన మన రావుగారే. అయితే వరదన్‌ను సంభావ్యతా సిద్ధాంతం వైపు లాగినవాళ్ళు తోటి పరిశోధకులు పార్థసారథి, వరదరాజన్, రంగారావు వంటివారు. ఆ కుర్రవాళ్ళు ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. అది తన సొంత రంగం కాదు కదా అని రావు అడ్డుపడలేదు. వరదన్ గ్రంథాన్ని చూడడానికి సంభావ్యతా సిద్ధాంతంలో మహామహుడైన రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ అంతటివాణ్ణి రప్పించాడు. తనకన్నా ఆ విషయం బాగా తెలిసినవాడి చేత తన విద్యార్థి రాత చదివించడం, గైడు చేయగల పనుల్లో అత్యుత్తమమైనది. మన శాఖల్లో ఒకరి స్కాలరు మరో ప్రొఫెసరు గదికి వెళ్ళి సందేహం అడిగితే దాన్ని పార్టీ ఫిరాయింపులా చూస్తారు. సలహా సంఘం అని ఒకటి ఉంటుంది, ప్రతి సెమిస్టరూ విద్యార్థి దాని ముందు తన పని వివరించాలి. చాలా చోట్ల అది పావుగంటలో ముగిసే మొక్కుబడి, పక్క శాఖ సభ్యుడు అధ్యాయం ముఖం కూడా చూడకుండా సంతకం చేసి లేస్తాడు.

అమెరికాలో పరిస్థితి మెరుగని మన పిల్లలు అనుకుంటారు. కొంతవరకు నిజం, అక్కడ ముగ్గురు నలుగురు సభ్యుల కమిటీ గ్రంథాన్ని నిజంగా చదువుతుంది. కానీ అక్కడ ప్రయోగశాలల్లో పనిచేసే విద్యార్థి జీతం చాలాసార్లు గైడుకు వచ్చిన గ్రాంటు నుంచే వస్తుంది, చదువు ఆగిపోతే విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా కూడా ప్రమాదంలో పడుతుంది. సంతకం మీద అద్దె ఆధారపడడం ఇక్కడి జబ్బయితే, సంతకం మీద ఆ దేశంలో ఉండడమే ఆధారపడడం అక్కడిది. డల్లాస్‌లోనో టెంపేలోనో ఉన్న తెలుగు స్కాలరు రాత్రి పూట ఫోను చేసి చెప్పే బాధకూ, ఇక్కడి హాస్టలు గదిలో వినే బాధకూ పెద్ద తేడా ఉండదు.

నేను అడుగుతున్నది చాలా చిన్న మార్పు. సలహా సంఘం ముందు పెట్టే ప్రగతి నివేదికలో రెండు తేదీలు అదనంగా ఉండాలి: అధ్యాయం గైడుకు ఇచ్చిన తేదీ, వ్యాఖ్యలతో తిరిగి వచ్చిన తేదీ. వ్యాఖ్యలు రాతలో ఉండాలి, వాటి నకలు నివేదికకు జతచేయాలి. రెండు తేదీల మధ్య మూడు వారాలు దాటితే సంఘంలోని మరో సభ్యుడు ఆ అధ్యాయం చదవాలి, అది వరుసగా జరుగుతుంటే ఆ గైడుకు కొత్త స్కాలర్లను కేటాయించకూడదు. దీనికి డబ్బు అక్కరలేదు, యూజీసీ అనుమతి అక్కరలేదు, ఒక విశ్వవిద్యాలయం తన అకడమిక్ కౌన్సిల్‌లో తీర్మానం చేసుకుంటే చాలు.

దీన్ని నేను ప్రస్తావించినప్పుడల్లా సహోద్యోగుల నుంచి ఒకే అభ్యంతరం వస్తుంది. ఆచార్యుణ్ణి గుమాస్తాగా మార్చేస్తున్నావు, విశ్వాసం మీద నడవవలసిన సంబంధానికి రిజిస్టరు పెడుతున్నావు అంటారు. నాకు ఆ భయం లేదు. రిజిస్టరు ఇప్పటికే ఉంది, అందులో విద్యార్థి మాత్రమే సంతకం పెడుతోంది. ఆమె ఏ రోజు వచ్చిందో, ఏ రోజు రాలేదో, ఎన్ని క్రెడిట్లు పూర్తిచేసిందో, గడువు ఎప్పుడు ముగుస్తుందో అన్నీ రాతలో ఉన్నాయి. రెండో వరుసలో గైడు కూడా ఒక తేదీ వేయాలని మాత్రమే నేను కోరుతున్నాను. ఇప్పటికే చదువుతున్న గైడులకు, అటువంటివారు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు, ఆ తేదీ వేయడానికి అర నిమిషం పడుతుంది. వచ్చే నెల మా శాఖ సమావేశంలో ఈ తీర్మానాన్ని నేను మళ్ళీ ప్రవేశపెడుతున్నాను. ఈలోగా నా దగ్గరున్న స్కాలర్ల నివేదికల్లో ఆ రెండు తేదీలూ వేయడం మొదలుపెట్టాను.